లకుముకి ఏమీ చేయలేదు

లూర్దమ్మ టీచరు చేతిలో ఎర్రసిరా కలం ఉన్నంతసేపూ బడి పెరట్లో పిచ్చుకలు సైతం బుద్ధిగా కిచకిచలాడతాయని గెడ్డవలసలో ఒక హాస్యం ప్రచారంలో ఉండేది. ఆ మాట ఆమె చెవిన పడింది. ఆమె నవ్వలేదు, కోపగించనూ లేదు. కాన్వెంటులో గడిపిన పదేళ్ళలో సిస్టర్లు ఆమెకు నిటారుగా కూర్చోవడం, అబద్ధమాడకపోవడం నేర్పారు. దిద్దిన ప్రతి పంక్తి పక్కనా తేదీ వేసి సంతకం చేయడం కూడా అక్కడే అలవడింది. పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్ళయినా ఆ అలవాట్లలో ఒక్కటీ ఆమెను వదలలేదు.

బడి వెనుక పెరడు, పెరటి గోడకవతల సారిగెడ్డ వాగు. విరమణ తరువాతా అక్కడే ఆమె పిట్టల పాఠం నడిపేది. పదకొండు మంది పిల్లలకు ఏడాది పొడుగునా ఒక్కొక్కరికి ఒక్కో పిట్ట. ఒకరికి కాకి, ఒకరికి గోరింక, ఒకరికి పిగిలిపిట్ట. రోజూ మధ్యాహ్నం పావుగంట తన పిట్టను కనిపెట్టి చూసి, అది చేసినదాన్ని చిత్తు పుస్తకంలో రాయాలి. బడి పక్క ఇంట్లోనే ఉండే టీచరు సాయంత్రం వాటిని దిద్దేది. ఆదివారమైనా పండగైనా మినహాయింపు లేదు. దిద్దినదాన్ని పిల్లలు గుండ్రని అక్షరాలతో సాపు పుస్తకంలోకి ఎక్కించాలి.

ఆరో తరగతి చదివే గౌరీశ్వరి వంతుకు లకుముకిపిట్ట వచ్చింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది, నీలం రంగుది, గెడ్డ మీది కరెంటు తీగ నుంచి బాణంలా నీళ్ళలోకి దూకి చేపతో పైకి లేచేది. ఆ పిట్ట అంటే గౌరికి ప్రాణం. కానీ అక్టోబరు అయిదో తేదీన ఆ పిల్ల చిత్తు పుస్తకంలో ఒకే ఒక వాక్యం ఉంది: లకుముకి ఏమీ చేయలేదు.

"ఇదేమిటి?" అని అడిగింది టీచరు.

"నిజంగా ఏటీ సెయ్యనేదు టీచరమ్మా. తీగ మీద కూసుని నీల్లకేసి సూసింది. అంతే."

"ఏమీ చేయకపోవడం పరిశీలన కాదు. పిట్ట చేసినది రాయమన్నాను, చేయనిది కాదు. నువ్వు సరిగా చూసి ఉండవు. మళ్ళీ ఆలోచించి సాపు పుస్తకంలో రాయి."

ఎర్రసిరా గీత ఆ వాక్యాన్ని అడ్డంగా కోసింది. పక్కన తేదీ, సంతకం. గౌరి చాలాసేపు కలం కొరుకుతూ ఆలోచించి, చివరికి సాపు పుస్తకంలో "లకుముకి చేప పట్టింది" అని రాసింది. టీచరు దానికి ఒప్పు పెట్టింది.

ఆ నెలలో అలాంటి గీతలు అయిదు పడ్డాయి. ఇరవై నాలుగో తేదీన జిల్లా కేంద్రంలో జరిగిన ప్రదర్శనలో గెడ్డవలస పిల్లల సాపు పుస్తకాలకు మొదటి బహుమతి లభించింది. ఒక్క కొట్టివేత కూడా లేని ఆ పుస్తకాలను అద్దాల పెట్టెలో ఉంచారు.

ఇరవై ఏడో తేదీ కార్తీక సోమవారం. ఆ మధ్యాహ్నం బడి భోజనం తిన్న ముప్పై ఒక్క మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు. నోట నురగ వచ్చి, చేతులు వణుకుతూ వరండాలోనే కుప్పకూలారు. వారిలో గౌరి కూడా ఉంది. రక్త పరీక్షలో తేలిన విషం దోమల మందులో ఉండేది. అటువంటి మందు టిన్ను ఒకటి శనివారం నాడే బడి సామాన్ల గదిలోకి చేరింది. దాన్ని పప్పు బస్తా పక్కన పెట్టిందన్న నెపం మీద, ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలో వంట చేస్తున్న అప్పలనరసమ్మను ఆ సాయంత్రమే పోలీసులు తీసుకుపోయారు. ఆమె గౌరికి నానమ్మ. వండినదాంట్లో మొదటి ముద్ద తాను తిన్నాకే పిల్లలకు వడ్డించడం ఆమె వాడుక. ఆ ఒక్క రోజు సోమవారం ఉపవాసమని తినలేదు. అదే ఆమెకు శాపమైంది. విషం సంగతి తెలిసే తినలేదని కాగితాలకెక్కింది.

గెడ్డకు ఎగువన ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దోమల మందుకు కావలసిన ముడిసరుకు అక్కడే తయారవుతుంది. వంటకు నీళ్ళు తోడే బడి బోరు గెడ్డకు పది అడుగుల దూరంలో ఉంది. ఈ రెండు సంగతులూ ఊళ్ళో అందరికీ తెలుసు. అయితే నెలనెలా జరిగిన నీటి పరీక్షలన్నీ నిర్దోషంగా ఉన్నాయి, ఎందుకంటే పరీక్షకు వచ్చే తేదీని ముందే చెప్పి మరీ వచ్చేవారు. ఫ్యాక్టరీ వారు ఆసుపత్రిలో పిల్లలకు బత్తాయిలు పంచారు. ప్రభుత్వం విచారణకు ఒక సంఘాన్ని నియమించింది. డిసెంబరు పదిన ఆ సంఘం తుది సమావేశం. అక్కడ నరసమ్మదే తప్పని తేలితే ఆమె మిగిలిన జీవితం జైలులోనే గడుస్తుంది.

నవంబరు చివరి వారంలో లూర్దమ్మ టీచరు విశాఖ బస్సెక్కింది.

జాలరిపేట నుంచి వచ్చి ఆమె వద్ద చదువుకున్న పైడితల్లి అక్కడొక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ఎనిమిదేళ్ళు శ్రమించి ఆమె ఒక యంత్రాన్ని తయారుచేసింది. దాని అసలు పేరు ఎవరికీ నోరు తిరగదు కనుక ప్రయోగశాలలో అందరూ ఈకల బల్ల అనేవారు. చూడటానికి కుట్టుమిషను బల్లలాగే ఉంటుంది. సూది స్థానంలో సన్నని కాంతిరేఖ ఒకటి ఉంటుంది.

"కూర్చోండి టీచరమ్మా. పెన్ను తేలేదు కదా?"

"తెచ్చాను. నీ పని చూపించు."

పైడితల్లి ఒక గోరింక ఈకను అద్దం కింద పెట్టింది. ఈకకు అడ్డంగా వెంట్రుకవాసి చారలు, ఒకటి లేత, ఒకటి ముదురు. రోజుకొక చార చొప్పున ఈక పెరుగుతుందనీ, ఆ రోజు పిట్ట తిన్నదీ తాగినదీ ఆ చారలో ఇంకిపోతుందనీ చెబుతూనే మీట నొక్కింది. కాంతిసూది ఒక చారను కాల్చింది. చీమ తలంత పొగ లేచి గొట్టంలోకి పోయింది. తెర మీద అంకెలు పడ్డాయి.

"ఇది వరసగా మూడు రోజులు ఎవరి పెళ్ళిలోనో మేసింది టీచరమ్మా. అంతా నెయ్యే."

"ఏ మూడు రోజులు?"

పైడితల్లి ముఖం వాడిపోయింది. "అక్కడే ఆగిపోయాను. ఈకకి వరసే తెలుసు, తేదీలు తెలీవు. ఫలానా చార ఫలానా రోజుదని చెప్పేవాళ్ళు ఉండాలి. పైగా ఒకసారి చదివితే ఆ చార బూడిదే. రెండోసారి చదవడానికి ఉండదు."

టీచరు వచ్చిన పని చెప్పింది. పైడితల్లి కాసేపు వేళ్ళతో బల్ల మీద తాళం వేసింది.

"బడి అన్నం ముట్టని పిట్ట కావాలి. గెడ్డ చేపలు తప్ప ఇంకోటి తిననిది."

"లకుముకి."

"ఆ. దాని ఈకలో ఆ విషం దొరికితే అది వంటింటిది కాదు, నీళ్ళదే. అది టిన్ను రాకముందు చార అని తేలితే నరసమ్మ పిన్నికి ఇక భయం లేదు. తిండి దొరకని రోజు చార పలచబడిపోద్ది. అది ఏ ఏ రోజుల్లో పస్తుందో ఎవరైనా రాసిపెట్టి ఉంటే, పలచని చారల్ని ఆ తేదీలతో జత చేసీవచ్చు."

"రాసిపెట్టాం," అంది లూర్దమ్మ టీచరు. ఆమె గొంతులో గర్వం తొణికింది. సంచిలోంచి బహుమతి పొందిన సాపు పుస్తకం తీసి బల్ల మీద ఉంచింది.

పైడితల్లి పేజీలు తిప్పింది. అక్టోబరు ఒకటి, చేప పట్టింది. రెండు, చేప పట్టింది. అయిదు, చేప పట్టింది. పది, పదకొండు, చేప పట్టింది.

"చాలా అందంగా ఉంది టీచరమ్మా," అంది చివరికి, చూపు ఎత్తకుండా. "కానీ ఈ పిట్ట నెలంతా ఒక్క పూట కూడా పస్తు లేదే."

లూర్దమ్మ టీచరు కుర్చీలో నిటారుగానే కూర్చుని ఉంది. పుస్తకం తన వైపు తిప్పుకుని అయిదో తేదీ దగ్గర వేలుంచింది. ఆ ఒప్పు గుర్తు తనది. దాని వెనుక ఉన్న వాక్యం ఆమెకు అక్షరం పొల్లు పోకుండా జ్ఞాపకం వచ్చింది. ఆ పిల్ల చూసింది. చూసినది రాసింది. తాను దానికి అబద్ధం రాయడం నేర్పి, పైగా బహుమతి ఇప్పించింది.

"నీకు అలాంటివి ఎన్ని కొట్టేశానే, పైడీ?" అని అడిగింది.

"లెక్క పెట్టలేదు టీచరమ్మా," అని పైడితల్లి ఆమెకు మంచినీళ్ళ గ్లాసు అందించింది.

గౌరి ఇల్లు గెడ్డ గట్టునే ఉంది. గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతున్న దాలమ్మ, గౌరి తల్లి, టీచరును చూసి లేవలేదు.

"ఏటి టీచరమ్మా, ఆ గెలిసిన పెయిజు తెచ్చీరా? మా అత్త జైల్లో ఉంది. గుంట మంచం దిగనేకపోతంది. పెయిజెట్టుకుని ఏటి సేసుకుంటాం?"

"క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాను దాలమ్మా. గౌరికి."

చేట ఆగిపోయింది. ఆ ఊళ్ళో లూర్దమ్మ టీచరు నోట ఆ మాట విన్నవారు లేరు.

గౌరి మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. నెల దాటినా వేళ్ళ వణుకు తగ్గలేదు. టీచరు మంచం పట్టె మీద కూర్చుంది. "లకుముకి ఏమీ చేయలేదని నువ్వు రాసినది నిజం. నేను కొట్టివేయడం తప్పు. నీ చిత్తు పుస్తకం ఉందా?"

మామూలుగా అయితే ఉండకూడదు. నెలాఖరున చిత్తు పుస్తకాలన్నీ బఠాణీల బండికి వెళ్ళిపోతాయి, టీచరు పెట్టిన నియమమే అది. కానీ ఆ నెలాఖరున గౌరి ఆసుపత్రిలో ఉంది. పిల్ల దిండు కింద నుంచి పుస్తకాన్ని తీసింది. అట్ట చిరిగింది. ఆఖరి పేజీలో నల్లదారంతో కుట్టిన ఒక ఈక ఉంది. బొటనవేలంత పొడుగు, నీలం.

"దాని తోకది. నవంబరు పన్నెండున మా సిన్నాన్న వలలో సిక్కుకుంది. నాను పట్టుకుని ఇడిసీసరికి తోక ఈక వలలో ఉండిపోనాది. కొత్తగా మొలిసిందే టీచరమ్మా, మెరుస్తంది సూడండి. అది ఎగిరిపోనాది. మల్లీ రానేదు."

టీచరు ఈకను కిటికీ వెలుతురుకు పట్టింది. చారలు కనిపించాయి. యంత్రం ఏం చేస్తుందో దాచకుండా చెప్పింది.

"మంటెట్టీస్తారా?"

"సగమే. కాడకు ఒక వైపు మనం చదివిస్తాం. రెండో వైపు అవతలివారికి వదలాలి. వారికి అనుమానముంటే వారే చదివించుకుంటారు. న్యాయమంటే అదే."

"పిట్టకి మల్లీ మొలుస్తాదా?"

"మొలుస్తుంది."

గౌరి దారాన్ని తానే పళ్ళతో తెంపింది.

పైడితల్లి ఆ రోజే చదివేద్దామంది. వీల్లేదంది టీచరు. ముందే చదివితే చారలను చూసి తేదీలు కల్పించామంటారు, కనుక అందరి ముందే చదవాలి. "అందులో ఏమీ లేకపోతే?" అని పైడితల్లి అడిగింది. "ఎనిమిదేళ్ళ నా పని, పిన్ని బతుకు, రెండూ ఆ గదిలోనే పోతాయి."

"ఆ పిల్ల చూసింది," అంది టీచరు.

డిసెంబరు పదిన జిల్లా పరిషత్ సమావేశ మందిరం కిటకిటలాడింది. విశ్రాంత న్యాయమూర్తి ఒకరు మధ్యలో కూర్చున్నారు. మందపాటి కళ్ళజోడు, చేతిలో పెన్సిలు. ఒక పక్క ఇద్దరు మహిళా పోలీసుల నడుమ నరసమ్మ. చిక్కిపోయింది, చీర మాత్రం శుభ్రంగా ఉంది. వెనుక వరసలో తల్లి ఒడిని ఆనుకుని గౌరి.

ఫ్యాక్టరీ తరఫు వకీలు సౌమ్యుడు. గొంతు పెంచకుండానే సాపు పుస్తకాన్ని పైకెత్తి చూపాడు.

"మేడం, ఇది మీ విద్యార్థిని పుస్తకమే కదా? జిల్లా బహుమతి పొందినదే కదా?"

"అవును."

"అక్టోబరు పదో తేదీన ఏమని రాసుంది?"

"లకుముకి చేప పట్టింది."

"ఇప్పుడు మీరొక చిరిగిన పుస్తకం తెచ్చి, పదో తేదీన అది పస్తుందంటున్నారు. రాసింది నిందితురాలి మనవరాలు. ఇది మొన్న మంచం మీద రాసింది కాదని నమ్మకమేమిటి? ఈ రెండింటిలో ఒకటి అబద్ధం. ఏది?"

"మీ చేతిలో ఉన్నది," అంది లూర్దమ్మ టీచరు.

ఆమె లేచి, చిత్తు పుస్తకాన్ని న్యాయమూర్తి ముందు తెరిచింది.

"ఈ వాక్యాన్ని అడ్డంగా కోసిన ఎర్రగీత నాది. పక్కన తేదీ నాది, సంతకం నాది. కొట్టివేసిన రోజునే సంతకం చేయడం నాకు చిన్ననాటి అలవాటు. నేను గీత గీసిన నాటికి కింద వాక్యం లేకపోతే దేన్ని కొట్టివేశాను? ఇలాంటివి అయిదున్నాయి. పిల్ల నిజం రాసింది. అది నాకు నచ్చలేదు. అబద్ధం రాయించి ఒప్పు పెట్టాను. ఆ బహుమతిని నిన్ననే తిరిగి పంపించాను."

న్యాయమూర్తి భూతద్దంతో అయిదు గీతలనూ పరిశీలించారు. ఎర్రసిరా నీలిసిరా మీదుగా పోయిన చోట్లను వేలితో తడిమారు. తరువాత గుమాస్తాను పిలిచి గోడ మీది నల్లబల్లపై ఆ తేదీలు రాయించారు: 5, 10, 11, 18, 22.

"అమ్మా, ఇక నీ యంత్రం చెప్పాలి," అన్నారు పైడితల్లితో.

కాంతిసూది మొదటి చారను తాకింది. నూలుపోగంత పొగ లేచింది. "ఒకటి, నిండు చార," అని పైడితల్లి చదివింది. "రెండు, నిండు చార. మూడు..." ఆమె తెరకు దగ్గరగా వంగింది. "మూడు, పలచన. నాలుగు, నిండు చార. నాలుగులో విషముంది."

గదిలో కుర్చీలు కదిలాయి. ఆమె ఆగకుండా చదువుకుంటూ పోయింది. గుమాస్తా సుద్దముక్క ఆమె వెంట పరుగెత్తింది. ఇరవై రెండు చారలు ముగిసేసరికి పలచని చారల అంకెలు తేదీల కింద వరసగా నిలిచాయి: 3, 8, 9, 16, 20.

న్యాయమూర్తి లేచి నల్లబల్ల దగ్గరకు స్వయంగా నడిచారు. పెన్సిలుతో ఒక్కొక్క జతనూ తాకారు. మూడుకు రెండు కలిపితే అయిదు. ఎనిమిదికి రెండు కలిపితే పది. తొమ్మిదికి పదకొండు. పదహారుకు పద్దెనిమిది. ఇరవైకి ఇరవై రెండు. అంటే ఈక మొలవడం మొదలైంది అక్టోబరు మూడున. వెనక్కి తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"విషం మొదట కనిపించిన నాలుగో చార, అంటే అక్టోబరు ఆరు. టిన్ను బడికి వచ్చింది ఇరవై అయిదున. పందొమ్మిది రోజుల ముందు. పిట్ట పస్తు ముగిసిన ప్రతిసారీ ఆ మరునాటి చారలో విషం. చేపలు చచ్చో పారిపోయో అది పస్తుంది, మిగిలినవి తిని విషం పుచ్చుకుంది." వకీలు వైపు చూశారు. "మీరేమంటారు?"

"యాదృచ్ఛికం కావచ్చునండి."

"ఈకలో రెండో సగం ఇక్కడే ఉంది. మీ నిపుణుల చేత చదివించుకోండి. మీ కోసమే వదిలారట."

వకీలు వంగి ఫ్యాక్టరీ మేనేజరుతో గుసగుసలాడాడు. మేనేజరు ఈక వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపును గదిలో ఉన్న వారందరూ చూశారు.

"అయితే అక్టోబరు నెల మీ వ్యర్థజలాల తొట్ల రిజిస్టర్లు సాయంత్రంలోగా నా బల్ల మీద ఉండాలి," అన్నారు న్యాయమూర్తి.

రిజిస్టర్లు వచ్చాయి. ఆ అయిదు తేదీలకు ముందురోజూ, పిల్లలు పడిపోయిన నాటి ముందురోజూ చీకటి పడ్డాక తొట్లు గెడ్డలోకి ఖాళీ చేసినట్టు వారి సొంత దస్తూరీలోనే ఉంది. వారం తిరగకముందే ఫ్యాక్టరీ గొట్టానికి సీలు పడింది, మేనేజరూ యజమానీ నరసమ్మ ఖాళీ చేసిన జైలుకే చేరారు. బడి బోరు మూసివేసి మంచినీటి గొట్టం వేశారు. పిల్లల వైద్యం ఫ్యాక్టరీ భరించాలని ఉత్తర్వు వచ్చింది. ఆ శీతకాలంలో పైడితల్లి ఈకల బల్లను మూడు జిల్లాల వారు అడిగి పట్టుకెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా ఆమె మొదట అడిగేది ఒకటే: మీ పిల్లల చిత్తు పుస్తకాలున్నాయా?

నరసమ్మ ఊళ్ళో బస్సు దిగిన ఉదయం బడి పిల్లలందరూ గేటు దగ్గర నిలబడ్డారు. ఎవరో దండ తెచ్చారు. ఆమె దాన్ని పక్కనున్న పిల్ల మెడలో వేసి తిన్నగా వంటగదిలోకి నడిచింది. అక్కడినుంచి ఆమె కేక వీధి చివరి వరకు వినిపించింది.

"నా గరిటి ఎవులు వొంచీసినారు? నాను నేకపోతే ఇలగేనా?"

తరువాత గుమ్మంలోకి వచ్చి లూర్దమ్మ టీచరును పరకాయించి చూసింది.

"నాకోసం అందరి ముందూ మాట పడ్డారంట టీచరమ్మా."

"నీ కోసం కాదు నరసమ్మా. ఆ మాట నేను పడవలసిందే."

"సరే, పడ్డారు. భోజనం సేసి యెల్లండి," అని నరసమ్మ మొదటి ముద్ద తాను తిని, రెండో ముద్ద ఆమె కంచంలో పెట్టింది.

గెడ్డ తేరుకోవడానికి ఏడాది పట్టింది. మరుసటి అక్టోబరులో నీళ్ళ అడుగున గులకరాళ్ళు కనిపించసాగాయి. ఒక మధ్యాహ్నం పిట్టల పాఠం సాగుతుండగా గౌరి చేయెత్తింది. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. కరెంటు తీగ మీద నీలం చుక్క ఒకటి వాలి ఉంది.

పదకొండు మంది పిల్లలూ తమ తమ పిట్టలను వదిలేసి దానికేసే చూశారు. వంటగది మెట్ల మీద నరసమ్మ గరిటెతో సహా నిలబడిపోయింది. లకుముకి తల ఒక పక్కకు వంచింది. రెక్క దులుపుకోలేదు. దూకలేదు, అరవలేదు. పావుగంట గడిచింది.

"ఏటి సేస్తంది?" అని నరసమ్మ గుసగుసగా అడిగింది.

"ఏటీ సెయ్యట్నేదు నానమ్మా."

"మరి రాయవే."

గౌరి రాసింది. సగం ఈక కుట్టి ఉన్న ఆ పాత చిత్తు పుస్తకంలోనే, మిగిలిన ఖాళీ పేజీలో రాసి, టీచరు చేతికిచ్చింది. లూర్దమ్మ టీచరు ఎర్రసిరా కలం మూత తీసింది. ఆ వాక్యం మీద ఎక్కడా గీత పడకుండా, దాని కిందనే, తన గుండ్రని అక్షరాలతో ఒక్క మాట రాసింది: నేనూ చూశాను.

పక్కన తేదీ వేసి, సంతకం చేసింది.